మూత పోయిన ట్యూబు

వైద్యుడి చీటీ లేనిదే నన్ను అమ్మకూడదని నా ఒంటి మీదే రాసుంది. చీమతలకాయంత అక్షరాలు, అదీ ఇంగ్లిషులో. బేతంచెర్లలో నన్ను అమ్మినాయన చదవలేదు, కొన్నామె చదవలేదు. ఇరవై రెండేళ్ల పిల్ల కౌంటరు మీద నోట్లు పెట్టి, ‘మొటిమల గుంతలు పోయే క్రీము’ అంది. ఆయన చెయ్యి నా మీద పడింది.

నా పుట్టుకలో విశేషమేమీ లేదు. గొట్టంలో ముద్ద నింపి తోక మడిచారు, అంతే. లోపల ముగ్గురున్నారు. హైడ్రోక్వినోన్ 2 శాతం, చర్మంలో నలుపు తయారుకాకుండా ఆపుతుంది. ట్రెటినాయిన్ 0.025 శాతం, పైతోలును తొందరగా మారుస్తుంది. ఆ ఇద్దరూ రేపే మంటను అణచడానికి మొమెటాసోన్ 0.1 శాతం. ఈ మూడోది స్టెరాయిడు. ఇలాంటి ముగ్గురిని ఒకచోట చేర్చే పద్ధతికి 1975లో దారి చూపింది అమెరికాలోని క్లిగ్‌మన్, విల్లిస్. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, మంగు పట్టిన బుగ్గల మీద రాత్రిపూట కొద్ది వారాలు, డాక్టరు చూస్తుండగా నన్ను రాస్తే నా పనితనం తెలుస్తుంది.

నాకు చేతకాని పని గుంత పూడ్చడం. మొటిమ మానాక మిగిలిన నల్లమచ్చ రంగు. గుంత అలా కాదు, లోపలి తోలు కుంగిపోయిన చోటు. రంగు తగ్గించే నేను కుంగినదాన్ని ఎలా లేపుతాను? ఈ తేడా ఆ పిల్ల వాళ్ల నాయనకు తెలియంది కాదు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా పని. ‘గీత అయితే పాలిష్‌కు పోతాదన్నా, గుంత పోదు’ అని బండలు కొనేవాళ్లకు రోజూ చెప్పే మనిషి. ఇంట్లో బిడ్డ ముఖం మీద మాత్రం ఆ మాట గుర్తుకు రాలేదు.

మొదటి నెల ఇల్లంతా సంబరమే. ‘ఏందే పాపా, మొగం సున్నం కొట్టినట్ల తెల్లగయితాంది’ అని జేజి బుగ్గలు నిమిరింది. పెళ్లిచూపులకు ఇక బెంగ లేదనుకున్నారు. ఆ తెలుపు మూడోవాడి పని అని నాకు తెలుసు, చెప్పే నోరు లేదు. నా నోటికున్న మూత కూడా నాలుగోరోజే మంచం కిందికి దొర్లిపోయింది. ఎండ తగిలితే ట్రెటినాయిన్ చెడుతుంది, గాలి తగిలితే హైడ్రోక్వినోన్ గోధుమరంగుకు తిరుగుతుంది. నన్ను కిటికీ గూట్లోనే పడేశారు. ఆ పిల్ల తమ్ముడు గడ్డం గీసుకుని నన్ను రాసుకున్నాడు. నాయన తొడ మీది తామరకు పూశాడు. స్టెరాయిడు తగిలిన తామర పైకి చల్లారినట్టు నటించి, చాటున పొలిమేర పెంచుకుంటుంది. పాపం ఆయనకు మాత్రం ఎవరు చెప్పారు?

ఆర్నెల్లలో నా తర్వాత వచ్చిన మా వాళ్లు ఐదుగురు ఆ ముఖానికి అరిగిపోయారు, మొదట వచ్చిన నేను అడుగున కాస్త ముద్దతో మిగిలాను. అప్పటికి బుగ్గల తోలు పలచబడి ఎర్రనరాలు తేలాయి, చెంపల మీద నూగు వచ్చింది. ఒక్కరోజు నన్ను మానితే మంట, గుంపులుగా కొత్త మొటిమలు. గుంతలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

చివరికి తల్లీ బిడ్డా కర్నూలు బస్సెక్కారు. నేను తల్లి సంచిలో ఉన్నాను. డాక్టరమ్మ నన్ను బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. 2018లోనే కేంద్రం స్టెరాయిడు పూతల్ని చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చిందంది. ‘ముందు దీన్ని మాన్పించాలమ్మా, తర్వాత మొటిమలు అణగాలి, గుంతల సంగతి ఆ తర్వాతే.’

‘లేజరు కొట్టిస్తే ఒకేసారి పోతాదంట గదా డాక్టరమ్మా?’ అంది తల్లి.

ఆమె కాదనలేదు, అవుననీ అనలేదు. మన చామనచాయ, నలుపు తోలు ఏ దెబ్బ తగిలినా నల్లమచ్చతో బదులిస్తుందంది. లేజరు వేడి లెక్క తప్పితే గుంతకు తోడు మచ్చ మిగులుతుంది. చేయాల్సి వస్తే తక్కువ మోతాదులో, ముందు చెవి దగ్గర చిన్నచోట చూసి చేయాలి. వెడల్పుగా అలల్లా కుంగినవాటికి సూదితో కింద పట్టుకున్న పోగుల్ని తెంపుతారు. సూది పొడిచినట్టున్న లోతు గుంతల్లో మాత్రమే ఘాటైన టీసీఏ అనే ఆమ్లం చుక్క పెడతారు. సన్నసూదుల పద్ధతి పైతోలును పెద్దగా కాల్చదు కాబట్టి మనలాంటివాళ్లకు భయం తక్కువ. అన్నిటికీ నెలలు పడతాయి, పూర్తిగా నునుపు కాదు, ఎండకు సన్‌స్క్రీన్ తప్పదు. ఆ పిల్ల తలొంచుకుని అంతా విన్నది. ‘నునుపు కాదు’ అన్నచోట ఒక్కసారి తలెత్తింది.

ఇంటికొచ్చాక నాయన నన్ను ఫ్యాక్టరీ వెనక పాలిష్ బురద దిబ్బ మీదికి విసిరాడు. చుట్టూ పగిలిన బండముక్కలు, పనికిరానివన్నీ. ఎండకు నా కడుపులో మిగిలిన ముద్ద గోధుమరంగు దాటి నల్లబడుతోంది. తెలుపు చేస్తానని పేరు పడ్డదాన్ని! గాలి వీస్తే రాతిపిండి లేచి నా మీది అక్షరాల్ని కప్పేస్తోంది.

నా అట్టపెట్టె సంగతి నిన్న తెలిసింది. నేను ఇంటికొచ్చిన రోజే ఎదురింటి పిల్ల దాన్ని అడిగి తీసుకుందట. దిబ్బ పక్క దారిన ఇద్దరు పిల్లలు నవ్వుకుంటూ పోతున్నారు. ఒకదాని చేతిలో ఆ అట్టముక్క ఉంది, పేరున్న వైపు మాత్రమే చింపింది.

‘పేరు చెప్తే వాళ్లకు తెలీదు, ఇది చూపిస్తే చాలంట.’

వాళ్లు మెడికల్ షాపు వైపు మళ్లారు.