బ్రహ్మకమల సందేశ వ్యాఖ్య

అవతారిక: మూడవ అంతస్తు పిన్నిగారు ఒక శ్రావణమాసపు సాయంకాలం ఆరున్నరకు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశమిది. ఆనాడు లిఫ్టు పనిచేయలేదని గ్రూపులో దీనికి పైనున్న సందేశమువలన తెలియుచున్నది.

మూలం: “మా బ్రహ్మకమలం ఈ రాత్రి విచ్చుకుంటోంది. అందరూ రండి. తొట్టి మాత్రం కదపకండి.”

టీక: మా = మాయొక్క. (మొదటి ముక్క మేమిచ్చినదే అని ఎదురింటివారి ఆక్షేపణ. అది ఇచట అప్రస్తుతము.)

బ్రహ్మకమలం = బ్రహ్మగారి తామర అని విగ్రహవాక్యము. కాని ఇది తామర కాదు, బ్రహ్మగారు దీనిని ఎక్కి కూర్చున్న దాఖలా లేదు. అసలు బ్రహ్మకమలము హిమాలయములలో పూచును, ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పము. పిన్నిగారిదో, మెక్సికో, గ్వాటెమాలా అడవులలో చెట్టుకొమ్మలను పట్టుకొని బ్రతుకు కాక్టస్, మన నాగజెముడుకు జ్ఞాతి. శాస్త్రనామము ఎపిఫిల్లమ్, అనగా ఆకుపై పూచునది. అదియు పొరపాటే. ఆకనుకొన్నది చదునైన కాండము. కావున భ్రాంతిమదలంకారము, రెండుసార్లు.

ఈ రాత్రి = ఈ ఒక్క రాత్రియే. ఎనిమిది తొమ్మిదింటికి కదలి, అర్ధరాత్రికి పూర్తిగా విచ్చి, తెల్లవారుసరికి పిండిన గుడ్డవలె వ్రేలాడును. ఆ తెలుపు, ఆ పరిమళము సొంత అడవిలో రాత్రి తిరుగు పెద్ద రెక్కలపురుగుల కొరకు. ఇచట వచ్చునవి సెల్‌ఫోన్లు.

విచ్చుకుంటోంది = ఆరున్నరకే ఎట్లు తెలిసెను? హంస మెడవలె వంగి పైకి తిరిగిన మొగ్గ ఆనాడు కొనవద్ద ఉబ్బును. దానిని చుట్టుకొన్న ఎఱ్ఱని సన్నరేకులు వదులగును. పిన్నిగారికి ఇది కూరలో ఉప్పు తెలిసినట్లు తెలియును.

అందరూ = మెయింటెనెన్సు తగాదాలో మాటలు మానినవారు సైతము.

తొట్టి కదపకండి = ఇదియే మూలమునకు ప్రాణము. మొగ్గ తొడిగినపిమ్మట చోటు మార్చినచో మొగ్గలు రాలిపోవచ్చును. నిరుడు పిన్నిగారు ఊరికి పోవుచు, నీళ్లు పోయుమని తాళమిచ్చినప్పుడు, ఎండ చాలదని తొట్టిని జరిపి ఐదు మొగ్గలు రాల్చినవాడు ఈ వ్యాఖ్యాతయే. కావున “కదపకండి” అను బహువచనము గౌరవార్థకము, ఉద్దేశించినది ఒక్కనినే.

తాత్పర్యం: పూవు చూడుడు, చెట్టు జోలికి పోకుడు.

విశేషం: ఒట్టి బంకమన్ను నింపి, కుండెడు నీళ్లు పోసి, కుళ్లినదని ఏడ్చువారు గలరు. చెట్టుకొమ్మమీది చెత్తాకులలో పెరిగిన జాతి ఇది; కొబ్బరిపొట్టు, బొగ్గుముక్కలు, ఆకులెరువు కలిపి వదులుగా నింపవలెను. ఉదయపు లేత ఎండ చాలును. మధ్యాహ్నపు ఎండకు పసుపు బారును. పైమన్ను ఆరిన తరువాతనే నీరు. ముక్కను కోసి వారముపాటు నీడన ఆరబెట్టి నాటవలెను, తలక్రిందులుగా కాదు. పూతకు రెండు మూడేండ్లు ఆగుడు.

పాఠాంతరం: కొందరి ఫోన్లలో “రండి” తరువాత “కాఫీ ఉంది” అని కలదు. ప్రక్షిప్తము. కాఫీ ఇవ్వలేదు.