40, 90, 150: అన్నీ ఒకటే

ఇంట్లో లేత్ మిషన్ పెట్టుకున్నవాణ్ణి జనం అదోలా చూస్తారు. దాని గేర్లకు ఏ నూనె పొయ్యాలని అడిగి చూడండి, అదోలా చూసినవాళ్లే ఆప్తులైపోతారు. కారు మెకానిక్కు గేరాయిల్ 90 అన్నాడు. ట్రాక్టరున్న మా బావగారు ఇంజనాయిల్ 40 అన్నారు. ఆయన దగ్గర సగం డబ్బా మిగిలిపోయి ఉంది మరి. రాణిగంజ్‌లో ఒక కొట్టాయన ఏ మిషనని కూడా అడక్కుండా అన్నిటికన్నా ఖరీదైనది తీశాడు. పక్కింటి మామ్మగారు ఆముదం అన్నారు.

మామ్మగారి మాట తీసిపారేయకండి. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లు తిరిగింది ఆముదంతోనే. అది పెట్రోలులో సులువుగా కలిసిపోదు, అదీ దాని గొప్ప. ఇంజన్లోంచి తుంపర్లుగా వచ్చి పైలట్ల మొహాన పడేది, కొంత లోపలికీ పోయేది. ఆ తర్వాతి కథ తెలుగు పాఠకులకు నేను చెప్పాలా? కాకపోతే వాడకుండా వదిలేస్తే ఆముదం జిగురు కడుతుంది. నా లేత్‌కేమో ఆదివారం ఒక్కటే పనిదినం.

ఇక అంకెల సంగతి. 90 అంటే 40కి రెట్టింపు చిక్కన అనుకుంటాం కదా, కాదు. గేరు నూనెల లెక్క వేరు, ఇంజను నూనెల లెక్క వేరు. రెండూ కలిసి తికమక పెట్టకూడదనే గేరు నూనెలకు పెద్ద అంకెలు ఇచ్చారట! ఫ్యాక్టరీ నూనెలది మూడో లెక్క, ఐఎస్ఓ వీజీ. అది 40 డిగ్రీల వేడిలో నూనె చిక్కదనం, పది శాతం అటూ ఇటూ. ఈ మూడు లెక్కల్లో ఇంజను 40, గేరు 90, వీజీ 150 ఇంచుమించు ఒకే చిక్కదనం. వీజీ 100 అయితే గేరు 90 కన్నా పల్చన. ఇది బావగారికి చెప్పాను. ఆయన నా ఆరోగ్యం గురించి మా ఆవిడను వాకబు చేశారు.

చిక్కదనం కుదిరినా చిక్కు తీరదు. ఖరీదైన నూనెల్లో గుణాలెక్కువ, ఆ గుణాలే లేత్‌కి గిట్టవు. ఇంజనాయిల్లో మురికిని అడుగుకు దిగనివ్వకుండా తేల్చి ఉంచే మందు కలుపుతారు. కార్లో ఫిల్టరుంటుంది కాబట్టి ఆ మురికిని పట్టేస్తుంది. ఫిల్టరు లేని లేత్ గేరు పెట్టెలో, అంటే హెడ్‌స్టాక్‌లో, అదే మందు పోస్తే, ఇల్లు ఊడ్చి చెత్తని ఫ్యాను కింద కుప్ప పెట్టినట్టే. కార్ల డిఫరెన్షియల్ కోసం చేసిన జీఎల్-5 నూనెది ఇంకో తీరు. అందులో గంధకం మందు దండిగా ఉంటుంది, కొన్ని రకాలు గన్‌మెటల్ బుష్‌లను నల్లబరిచి తినేస్తాయి. పైగా ఆ కంపు! మా ఆవిడ వంటింట్లోంచే "గ్యాసు లీకవుతోందా?" అంటుంది. ఆ మందు పనిచెయ్యాలంటే గేరు పళ్ల మధ్య విపరీతమైన ఒత్తిడీ వేడీ పుట్టాలి. నేను తిప్పే తిప్పుడుకి మిషన్ గోరువెచ్చన కూడా కాదు.

మిషన్‌తో పుస్తకం వస్తే అందులో ఉన్నదే వేదం. లేనివాళ్లకు ఏ ఆడంబరమూ లేని హైడ్రాలిక్ నూనె, వీజీ 68, చాలు. తుప్పు పట్టనివ్వదు, నురగ రానివ్వదు, మాట్లాడదు.

మిగిలింది బయటికి కనిపించే చేంజ్ గేర్లు. వాటికి నూనె వేస్తే తిరగ్గానే గోడ మీద ఒక గీత, నా చొక్కా మీద ఒక గీత. గ్రీజు పూస్తే కదలకుండా ఉంటుంది గానీ, ఎగిరొచ్చిన ఇనుప రజనంతా అందులో అతుక్కుని గేరు పళ్లను సానబెడుతుంది. వీటికి బైకు చైన్ స్ప్రే భేషుగ్గా ఉంది. కొట్టేటప్పుడు పల్చగా సందుల్లోకి పోతుంది, తడి ఆరాక పలుచటి పొరలా పట్టుకుంటుంది. మా అబ్బాయి బైకు చైను మాత్రం ఈ మధ్య కీచుమంటోంది. కొత్త డబ్బా అంత త్వరగా ఎలా అయిపోయిందో వాడికింకా అంతుపట్టలేదు.