ముల్లు దిగిందని మురిశాను

ఆర్నెల్లపాటు నేను మా కారుకు నీళ్లు పోస్తూ వచ్చాను. అదే మరమ్మతు అనుకున్నాను. ఆ తెలివితక్కువతనం ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నాన్న 1998లో కొన్న మారుతి 800 అది. 796 సీసీ, మూడు సిలిండర్లు. పొద్దున్నే బానెట్ ఎత్తి నీళ్లు, ఆయిలు చూసుకోనిదే ఆయన తాళం తిప్పేవాడు కాదు. ఆయన పోయాక బండి నాకొచ్చింది గానీ ఆ అలవాటు రాలేదు.

మొదట వాకిట్లో రూపాయి బిళ్లంత ఆకుపచ్చ మరక కనిపించింది. వాటర్ పంపు సీలు అరిగితే ఆ సంగతి మనకు తెలియాలనే పంపుకు ఒక చిన్న రంధ్రం పెడతారు. అందులోంచి చుక్క పడుతోందంటే పంపు మార్చే వేళయిందని అర్థం. నాకది తెలియదు, ఎవరినీ అడగనూ లేదు. బోరు నీళ్లు సీసాకు పట్టి పోశాను. వారానికి సరిపోయే నీళ్లు పోనుపోను రెండు రోజులకే ఖాళీ అయ్యేవి. మా అనంతపురంలో నీళ్లు కాచే గిన్నెకు తెల్లగా పట్టే ఉప్పు రోజూ కళ్లముందే ఉంది. రేడియేటర్ సన్నని గొట్టాలకూ అదే పడుతుందని తట్టలేదు. పసుపు వేస్తే కారడం ఆగుతుందని ఒక లారీ డ్రైవరు చెబితే రెండు చెంచాలు వేశాను. నాలుగు రోజులు ఆగింది కూడా. చిల్లు పూడ్చిన పసుపు గొట్టాలనూ పూడ్చగలదని ఆలోచించలేదు.

ఏప్రిల్‌లో అమ్మను కంటి పరీక్షకు కర్నూలు తీసుకెళ్తున్నాను. పామిడి దాటాక టెంపరేచర్ మీటరు ముల్లు పైకెక్కి ఎర్రగీతను తాకింది. ఆపుదామా అనుకుంటుండగానే గభాలున కిందికి పడిపోయింది. ప్రాణం లేచొచ్చినట్టయింది.

"చల్లబడిందిలేమ్మా" అన్నాను.

"ఏందో కాలిన వాసనొస్తాంది నాయనా, ఆపరాదా?" అంది అమ్మ.

ఆపలేదు. ఆ ముల్లు చెప్పేది తన సెన్సారు మునిగివున్న నీటి వేడిని. నీళ్లు తగ్గి సెన్సారు తేలిపోతే దాని లెక్క తప్పుతుంది. లోపల ఇంజన్ మాడిపోతున్నా బయటికి చల్లగా ఉన్నట్టే చూపిస్తుంది. నేను మురిసిపోయిన క్షణానికే ఇంజన్‌లో నీళ్లు అడుగంటాయి. ఇంకో ఏడెనిమిది కిలోమీటర్లు అట్లాగే తోలాను. గుత్తి కొండ కనిపిస్తుండగా తెల్లటి పొగ కక్కి బండి ఆగిపోయింది. డెబ్భై ఏళ్ల అమ్మ ఆ ఎండలో రోడ్డు పక్క వేపచెట్టు కింద రెండు గంటలు కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు.

గుత్తిలో మేస్త్రి ముందుగా ఆయిల్ మూత తీసి తిప్పి చూపించాడు. దాని లోపల పాలెక్కువైన కాఫీ రంగులో జిగట నురగ. "నీళ్లు ఆయిల్లో కలిసినాయి. గాస్కెట్ పోయింది" అన్నాడు.

హెడ్ విప్పాక చూశాను. బ్లాకుకూ హెడ్‌కూ నడుమ ఉండే ఆ పల్చటి గాస్కెట్టే మంటనూ నీటినీ ఆయిలునూ ఒకదానితో ఒకటి కలవకుండా కాస్తుంది. రెండో సిలిండర్‌కూ మూడోదానికీ మధ్య అది నల్లగా కాలి తెగిపోయింది. మేస్త్రి అల్యూమినియం హెడ్ మీద ఉక్కు బద్ద నిలబెట్టి, సందులో ఫీలర్ గేజ్ రేకులు ఒక్కొక్కటే దూర్చి చూశాడు. వంపు 0.05 మిల్లీమీటర్లు దాటకూడదు. 0.15 రేకు సులువుగా దూరిపోయింది. "ఈ వంపు మీదనే కొత్త గాస్కెట్ ఏస్తే నెల కూడా నిలబడదు" అని హెడ్‌ను చదును చేయించడానికి ఫేసింగ్‌కు పంపాడు. తిరిగొచ్చాక హెడ్ బోల్టులు నడుమ నుంచి మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి, టార్క్ రెంచ్‌తో మూడు విడతలుగా బిగించాడు. ఒక్కసారికే ఏ బోల్టునూ పూర్తిగా బిగించలేదు. ఆ ఓపిక ముందు తల వంచుకుని నిలబడ్డాను.

పంపు, థర్మోస్టాట్, హోస్ పైపులు, రేడియేటర్ మూత కొత్తవి వేశాడు. లోపలంతా కడిగి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోశాడు. మొదటి మరక నాడే పంపు మార్చి ఉంటే పదిహేను వందలతో తేలేది. పదహారు వేలయింది. డబ్బు సంగతి మరిచిపోగలిగాను. అమ్మ ఆపరాదా అన్నప్పుడు ఆపకపోవడం మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఆమెకు ఇంజన్ గురించి ఏమీ తెలియదు. తెలిసినవాణ్ననుకుని నేను ముల్లును నమ్మాను, ఆమె ముక్కును నమ్మలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తుతాను. డబ్బాలో కూలెంట్ గీత దగ్గర ఉందో లేదో వంగి చూస్తాను. అది తగ్గిన రోజు, నింపే ముందు ఎక్కడికి పోయిందో వెతుకుతాను.