సైడ్‌కారు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ముందు చక్రం వెనుకదాని వరుసను, పక్క చక్రం ముక్కు లోపలికి, బండి నడుము వెలుపలికి.

అవతారిక: మోటారు సైకిలుకు ఎడమ పక్కన తొట్టి బిగించి దానికి మూడవ చక్రం తగిలిస్తే సైడ్‌కారు బండి అవుతుంది. 1923లో ఐల్ ఆఫ్ మాన్‌లో జరిగిన తొలి సైడ్‌కారు టీటీ పందెంలో ఫ్రెడ్డీ డిక్సన్ గెలిచాడు. 1949లో ప్రపంచ పోటీలు మొదలైనప్పుడు ఎరిక్ ఆలివర్, తొట్టిలో డెనిస్ జెంకిన్సన్‌ను నిలుపుకొని, తొలి విజేత అయ్యాడు. ఈ వ్యాఖ్య వజ్రాలు దొరికే వజ్రకరూరు నేల మీద పుట్టినది గనుక ఉదాహరణలు ఆ నేలవే.

ప్రతిపదార్థం: వెనుకదాని వరుసను = వెనుక టైరు రెండు పక్కలకూ పురికొస ఆనించి ముందుకు లాగినప్పుడు, సన్నని ముందు టైరుకు ఇరువైపులా సమానమైన సందు మిగిలేటట్లు; ముక్కు లోపలికి = బండికీ పక్క చక్రానికీ నడుమ దూరం వెనుకకన్నా ముందువైపు సుమారు 10 నుండి 20 మిల్లీమీటర్లు తక్కువగా, అనగా మెకానిక్కులు టో-ఇన్ అనే తీరున; వెలుపలికి = తొట్టికి ఎదురుదిశకు ఒకటి రెండు డిగ్రీలు వాలి.

తాత్పర్యం: తిన్నగా పోవలసిన బండిని కొద్దిగా వంకరగా కట్టాలి.

ఆక్షేపం: మూడు చక్రాలనూ సమాంతరంగా నిలిపితే దోషమేమి? సమాధానం: ఇంజను బలమంతా మోటారు సైకిలు వెనుక చక్రానిది, తొట్టిది మోయించుకునే బరువు మాత్రమే; కనుక వేగం పెంచినప్పుడు బండి ఎడమకు లాగుతుంది, పైగా నీరు జారడానికి అంచుల వైపు వాలుగా వేసిన రోడ్డు కూడా అటే లాగుతుంది. ఆ లాగుడును సరిచేయడానికే ఈ వంకర. బ్రేకు వేస్తే తొట్టి ఆగక ముందుకు పోవాలని చూసి బండిని కుడికి తిప్పుతుంది. ఒకే కొలత ఈ రెండింటినీ తీర్చలేదు. మిగిలినది నడిపేవాడి భుజాల పని.

విశేషం: హ్యాండిలు తిరిగే ఇరుసు గీతను నేల దాకా పొడిగిస్తే అది ముందు టైరు నేలను తాకే చోటికి కొంచెం ముందు పడుతుంది, ఆ నడుమ దూరమే ట్రెయిల్. రెండు చక్రాల బండికి దాని వల్ల నిలకడ వస్తుంది, సైడ్‌కారు బండికి మాత్రం హ్యాండిలు బరువెక్కుతుంది. బీఎండబ్ల్యూ వారు 1955 నుండి 1969 వరకు వాడిన ఎర్ల్స్ ఫోర్కులో ముందు చక్రాన్ని పట్టే చేయి ఊగే ఇరుసుకు రెండు స్థానాలు ఉంచి, ఒకటి ఒంటరి బండికి, రెండవది ట్రెయిల్ తగ్గించి సైడ్‌కారుకు కేటాయించారు. పందెపు బండి వంపులో వాలదు గనుక దాని టైరు ముఖం కారు టైరులాగా చదునుగా ఉంటుంది. వాలవలసినవాడు తొట్టిలోని మనిషి, ఎడమ వంపులో తొట్టి బయటికి వేలాడి, కుడి వంపులో వెనుక చక్రం మీదికి వంగి.

స్థల నిర్ణయం: ఈ కొలతలన్నీ చదునైన నేల మీద, తొట్టిలో బరువు పెట్టి తీయాలి. ఎండకు పగిలి తొలకరికి ఉబ్బే వజ్రకరూరు నల్లరేగడి ఇందుకు పనికిరాదు; సిమెంటు గచ్చో, అలికిన వేరుశనగ కళ్లమో మేలు, అక్కడా రసమట్టం పెట్టి చూడాలి. చినుకు పడగానే వజ్రాల కోసం చేలల్లో వంగి నడిచే కన్నుకు ఇంత తేడా పట్టడం కష్టం కాదు గానీ, పురికొసను మించిన సాక్ష్యం లేదు.

బోల్టులు బిగించేటప్పుడు కొలత కొంత పక్కకు జరుగుతుంది. బిగించిన తరువాత మళ్ళీ కొలవాలి.