ఆండీస్ బావ

ఉమ్మడి ఖమ్మం జిల్లాలో వీధికో అమెరికా బావ ఉంటాడు. వీళ్లలో రకాలున్నాయి. దిగిన మర్నాడే ప్లాట్లు చూడ్డానికి పోయే బావ ఒకడు. ఇక్కడి నీళ్లు పడక, మంచం దిగకుండానే సెలవు గడిపేసి వెళ్లే బావ ఇంకొకడు. వీళ్లతో ఎలా వేగాలో మనకు అలవాటే. ఈమధ్య కొత్త రకం ఒకటి తయారైంది: ట్రెక్కింగు బావ. అందులోనూ పెరూ దేశం పోయి ఆండీస్ పర్వతాలెక్కి వచ్చినవాడు అగ్రకులం. మా అక్క మొగుడు ఆ కోవలోకి వస్తాడు.

ఈ జాతిని బట్టల్ని బట్టే పోల్చుకోవచ్చు. ప్యాంటుకు మోకాళ్ల దగ్గర జిప్పు ఉంటుంది. అది లాగితే సగం ప్యాంటు చేతికొస్తుంది, మిగతా సగం నిక్కరవుతుంది. గడ్డం కింద తాడు కట్టిన టోపీ. రెండు చేతుల్లో రెండు కర్రలు. అడుగులు, గుండె దడ, నిద్రలో ఎన్నిసార్లు పొర్లామన్నదీ లెక్కగట్టే గడియారం. వీపు సంచిలోంచి భుజం మీదుగా ఒక గొట్టం నోటిదాకా వస్తుంది. ఆగకుండా నడుస్తూనే నీళ్లు పీల్చుకోవడానికట. మా పక్కింటి పెద్దమ్మ దాన్ని చూసి అక్కను పక్కకు పిలిచి, "అల్లుడికి ఒంట్లో బాలేదా అమ్మా, పైపు పెట్టారు?" అని మెల్లిగా అడిగింది.

ఆండీస్ బావకు ఒక అంకె ఉంటుంది. 4215. అది మీటర్లు. పెరూలో మాచుపిచ్చు శిథిలాలకు పోయే ఇంకా రాజుల కాలిబాటలో అన్నిటికంటే ఎత్తయిన కనుమ అది. మాట ఎక్కడ మొదలైనా అక్కడికే చేరుతుంది. గ్యాసు బండ ఆలస్యమైందని అమ్మ అంటే, "అక్కడ గాలే దొరకదత్తయ్యా" అంటాడు. పాల్వంచ రోడ్డు గుంతలమయమైందంటే, ఇంకా వాళ్లు 500 ఏళ్ల కిందట వేసిన రాతిమెట్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదంటాడు. ఆ బాట 42 కిలోమీటర్లు, నాలుగు రోజుల నడక. రోజుకు 500 మందికే అనుమతి, అందులో యాత్రికులు 200 మందే. తక్కినవాళ్లు గైడ్లు, వంటవాళ్లు, మూటలు మోసేవాళ్లు. మోసే మనిషి మీద 20 కిలోలకు మించి పెట్టకూడదని చట్టం కూడా ఉందట. ఈ లెక్కలన్నీ బావ చెప్పినవే. ఫోనులో ఫొటోలు భోజనాల వేళ మొదలుపెట్టి కాఫీల వేళదాకా చూపించాడు. ఆ 300 మందిలో ఒక్కరి మొహమూ నాకు కనబడలేదు.

మే నెలాఖరులో వచ్చాడు. ఎండకు కొత్తగూడెంలో కాకులు కూడా మధ్యాహ్నం బయటికి రావు. అయినా బావ "గైడెడ్ కల్చరల్ ట్రెక్" చేయాలన్నాడు. సత్తుపల్లి దగ్గర పుట్టి, పాతికేళ్లు ఈ జిల్లాలోనే పెరిగి, భద్రాచలం అడవి వైపు శ్రీరామనవమికి తప్ప తొంగి చూడని మనిషి. నన్ను పిలిచి, "బామ్మర్దీ, ఇంత అడవి పక్కన పెట్టుకుని మీరెవరూ వాడుకోవట్లేదు" అన్నాడు. అడవిని వాడుకోవడం గురించి ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. టేకు లారీలనడగండి.

బయల్దేరే రోజు పొద్దున బావ గదిలోంచి వచ్చేసరికి అమ్మ చేతిలోని గరిటె జారింది. పైనుంచి కిందిదాకా ఆలివ్ గ్రీన్ బట్టలు, కాళ్లకు బూట్లు, వీపున కిట్టు.

"ఆ రంగు వద్దు నాయనా, అటుపక్కకు ఆ రంగుతో పోకూడదు."

"ఇది చెమట పీల్చే గుడ్డ అత్తయ్యా, స్పెషల్."

"చెమట సంగతి కాదు బాబూ. పోలీసులు చూస్తే అన్నలనుకుంటారు, అన్నలు చూస్తే పోలీసులనుకుంటారు. ఎవరు పీల్చినా పీల్చేది చెమట కాదు."

చివరికి నాన్న తెల్లచొక్కా తొడిగించారు. పొట్ట దగ్గర గుండీ పడలేదు. పడని గుండీ మీదుగా నీళ్ల గొట్టం వేసుకుని, ఆండీస్‌ను జయించిన మనిషి కారెక్కాడు.

నాన్న భద్రాచలం దాకా వస్తానన్నాడు. నాన్న తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. భద్రాచలం గుడి కట్టించిన కంచెర్ల గోపన్న, అంటే రామదాసు, పాల్వంచ పరగణా తహసీల్దారు గనక, ఆయన్ను నాన్న భక్తుడిగా కంటే డిపార్టుమెంటు మనిషిగానే ఎక్కువ గౌరవిస్తాడు.

బ్రిడ్జి దాటి టీకొట్టు దగ్గర ఆగాం. బావ గడియారం నొక్కి చూసుకుని, "ఇక్కడ ఎత్తెంత బాబూ?" అని టీకొట్టతన్ని అడిగాడు. సముద్రమట్టం నుంచి అని ఆయన ఉద్దేశం. భద్రాచలంలో ఎత్తంటే ఒకటే ఎత్తు, గోదారిది. అతను గ్లాసులు కడుగుతూనే అప్పజెప్పాడు: "43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది సార్. 86లో 75.6 వచ్చింది. మొన్న 2022లో 71 దాటింది, ఈ బల్లలన్నీ కరకట్ట మీదికి మోసుకుపోయినం. ఇప్పుడేముంది, ఇసకే." బావ ఆ అంకెలన్నీ శ్రద్ధగా ఫోనులో రాసుకున్నాడు. మీటర్లలోకి మార్చుకునే ఉంటాడు.

గుడి మెట్ల మీద బావ అటహువల్ప కథ ఎత్తుకున్నాడు. ఇంకాల రాజు. 1532లో పిజారో అనే స్పెయిన్‌వాడు కహమార్క ఊళ్లో అతన్ని పట్టుకున్నాడు. విడిచిపెడితే ఈ గది నిండా ఒకసారి బంగారం, రెండుసార్లు వెండి పోయిస్తానన్నాడు రాజు. పోయించాడు కూడా. అయినా మరుసటేడు చంపేశారు. బావ గొంతు జీరబోయింది. నాన్న చెప్పులు విడుస్తూ అంతా విన్నాడు.

"డబ్బు ముట్టినట్టు కాగితం రాయించుకున్నాడా?"

"ఏం కాగితం మామయ్యగారూ?"

"అదే మరి. మావాడు ఆరు లక్షలు గుడికి ఖర్చుపెట్టి గోల్కొండ జైల్లో పన్నెండేళ్లున్నాడు. రాముడూ లక్ష్మణుడూ రాత్రికి రాత్రి తానీషా దగ్గరికెళ్లి సొమ్ము కట్టి, ముందు రసీదు తీసుకున్నారు. తెచ్చి గోపన్న తలగడ కింద పెట్టిందాకా ఊరుకోలేదు. దేవుడైనా రసీదు లేందే పని కాదండీ అల్లుడుగారూ."

ప్రపంచ చరిత్ర మీద మా నాన్న చేసిన వ్యాఖ్య నాకు తెలిసి ఇదొక్కటే.

అక్కడి నుంచి పర్ణశాల పోయే దారిలో బావకు విదేశయాత్ర సుఖం కూడా దొరికింది. 2014లో పోలవరం ముంపు మండలాలు అటు కలిపినప్పుడు ఊరంచు దాకా ఆంధ్రలోకి పోయింది. భద్రాచలం నుంచి పర్ణశాలకు, అంటే తెలంగాణ నుంచి తెలంగాణకు, ఎటపాక మీదుగా ఆంధ్రలోంచి పోవాలి. బావ రెండుచోట్లా దిగి బోర్డుల కింద సెల్ఫీ తీసుకున్నాడు. పర్ణశాలలో సీతమ్మ వాగు దగ్గర రాళ్ల మీది చారలు చూపించి, అమ్మవారు నారచీరెలు ఆరేసిన గుర్తులని చెప్తే, "దీనికి సైంటిఫిక్‌గా ఏదన్నా స్టడీ జరిగిందా?" అన్నాడు. పెరూలోని కుస్కోలో మాంత్రికుడొకడు ఎదురుగా ఉన్న కొండ తన తాతగారని చెప్పి మొహాన పొగ ఊదితే, ఈయన కళ్లుమూసుకుని నమస్కారం పెట్టాడు. ఆ వీడియో మేం చూశాం.

మర్నాడు నాన్నను భద్రాచలంలోనే దించేసి చింతూరు వైపు పోయాం. భూమి పండగ రోజులు. విత్తనం నేలలో పడేముందు కోయగూడేల్లో చేసుకునే పండగ. ఆ రోజుల్లో ఆడవాళ్లు రోడ్డుకడ్డంగా వెదురుకర్ర పట్టుకుని వచ్చే పోయే బండ్లనాపి చందా అడుగుతారు. పాటలు పాడతారు, ఆడతారు, ఇచ్చిందాకా పోనివ్వరు. ఆ దారిన తిరిగే లారీ డ్రైవర్లు చిల్లర ముందే తెచ్చుకుంటారు. బావ మాత్రం ఉబ్బిపోయాడు.

"బామ్మర్దీ! ఇది ప్లాన్‌లో లేదే! సర్‌ప్రైజా?"

నేను నోరు తెరిచేలోపే దిగి, వాళ్ల వరసలో చేరి, కర్రలు రెండూ పైకెత్తి నాలుగడుగులు వేశాడు. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. నవ్వు ఆపకుండానే చేయి చాపారు. బావ పర్సు తీసి, మామగారి పాఠం గుర్తొచ్చింది కాబోలు, "రసీదు ఇస్తారామ్మా?" అన్నాడు. ఒక ముసలామె ముందుకొచ్చి బొటనవేలితో నొసటిమీద పసుపు గట్టిగా రుద్దింది. "గిదే రసీదు." రెండు మలుపులు తిరగ్గానే ఇంకో కర్ర. బావ కిటికీ దించి నొసలు చూపించాడు.

"అది ఆ ఊరిది సారూ" అంది అక్కడి అమ్మాయి.

గైడును నాకు తెలిసినాయన కుదిర్చాడు. యాభై దాటిన కోయ పెద్దాయన. కాళ్లకు హవాయి చెప్పులు, కుడికాలి చెప్పు తాడు ఊడిపోకుండా అడుగున పిన్నీసు గుచ్చి ఉంది. భుజాన తువ్వాలు, చెవిలో సగం కాల్చిన బీడీ. సామాను అంతే. బావ ఆయనకు ట్రెక్కింగు నియమాలు చెప్పాడు: ముందు పరుగెత్తకూడదు, గుంపు విడిపోకూడదు, గంటకోసారి అందరి ఆరోగ్యం కనుక్కోవాలి. ఆయన సరేనన్నాడు. గుట్ట మొదట్లో పావుగంట నడిచాక వెనక్కి తిరిగి, "ఆరోగ్యం ఎట్లున్నది సారూ?" అన్నాడు. బావ చెప్పే స్థితిలో లేడు. గొట్టం పీలుస్తున్నాడు.

కిలోమీటరు దాటకముందే సంచి బావ వీపు నుంచి పెద్దాయన నెత్తిమీదికి మారింది. నేనొకసారి ఎత్తి చూశాను. "బావా, ఇది 20 కిలోలు దాటుతుందేమో." "ఆ చట్టం పెరూది" అన్నాడు బావ.

ఇంకెంత దూరమని అడిగినప్పుడల్లా పెద్దాయన "గదే, వచ్చేసినం" అంటాడు. ఎదురుగా తునికాకు మోపులు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు గబగబా దిగుతున్నారు. చీకటి ఉండగానే అడవికి పోయి కోసిన ఆకు. ఇళ్లకు చేర్చి, యాభై ఆకులకో కట్ట కట్టి, కల్లం దగ్గర అప్పజెప్పాలి. ఒకామె చంకలో పిల్ల కూడా ఉంది. బావ రెండు కర్రలూ నేలకానించి దారి తప్పుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల దాటిపోయాక కూడా తల తిప్పి గొట్టం వైపే చూస్తోంది.

మధ్యలో నీడ ఉన్నచోట జీలుగు కల్లు దొరికింది. బావ సొరకాయ బుర్ర వైపు చూసి, "ఇది కడిగారా? ఏ నీళ్లతో?" అన్నాడు. అమెజాన్ అడవిలో ఈయన మసాటో తాగాడు. అక్కడి పల్లెల్లో ఆడవాళ్లు కర్రపెండలం ఉడికించి, నోట్లో వేసుకుని నమిలి, కుండలోకి ఉమ్మి, పులియబెట్టే పానీయం అది. ఆ కథ భోజనాల దగ్గర చెప్పినప్పుడు అమ్మ విస్తరి ముందు నుంచి లేచిపోయింది. ఆ సంగతి గుర్తుచేశాను. "అది వాళ్ల కల్చర్" అన్నాడు. పెద్దాయన ఈ చర్చ తేలేదాకా ఆగలేదు. బుర్ర ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు.

పైకెక్కాక బావకు ఊపిరి తిరిగింది, ఊపిరితో పాటు ఉపన్యాసమూ వచ్చింది. మాచుపిచ్చు ఎలా బయటపడిందో చెప్పాడు. 1911 జులై 24. హైరమ్ బింగమ్ అనే అమెరికా ప్రొఫెసరు. ఆ కింద ఊళ్లో ఉండే రైతు, అర్తియాగా అని, ఒక సోల్ నాణెం ఇస్తే పైకి తీసుకుపోయాడు. కొండ మీద అప్పటికే కొన్ని రైతు కుటుంబాలు మొక్కజొన్న వేసుకుంటున్నాయి. ఆ ఇళ్లలోని ఒక చిన్నపిల్లాడు చేయిపట్టి శిథిలాలన్నీ తిప్పి చూపించాడు. అలా బింగమ్ ఆ నగరాన్ని కనిపెట్టాడు.

పెద్దాయన కొంతసేపు బీడీ లాగాడు. "అంటే, ఆడ మనుషులున్నరు."

"ఉన్నారు."

"పొలం దున్నుకుంటున్నరు."

"అవును, కానీ ప్రపంచానికి తెలీదు కదా."

"తీస్కపోయినాయనకు ఒక రూపాయి ఇచ్చిన్రు. మరి తిప్పి చూపిన పిలగానికి?"

బావ గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. ఉత్త గాలే, గురగురమంటూ వచ్చింది.

దిగడం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. బావ చాలాభాగం కూర్చునే దిగాడు.

చింతూరు సెంటర్‌కు వచ్చేసరికి పొద్దుగూకుతోంది. పెద్దాయన ఊరిమీదుగా పోయే ఆఖరి బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. కానీ ఆండీస్‌లో ఒక ఆచారం ఉంది. చివరి రోజున యాత్రికులు సిబ్బందినంతా వరసగా నిలబెట్టి, కృతజ్ఞతలు చెప్పి, కవర్లో పెట్టి బహుమానం ఇస్తారు. బావ ఆ కార్యక్రమం ఇక్కడా జరగాలన్నాడు. వరసకు పెద్దాయన ఒక్కడే దొరికాడు. బావ కళ్లద్దాలు తీసి, చెప్పు కింద పిన్నీసు సర్దుకుంటున్న ఆయన్ను లేపి, ఎదురుగా నిలబెట్టి ప్రసంగం మొదలుపెట్టాడు. కొండలు మనుషుల్ని కలుపుతాయన్నాడు. ఈ రోజుతో మనమంతా ఒకే కుటుంబం అన్నాడు. కండక్టరు రెండుసార్లు విజిలేశాడు. టీకొట్టు జనం చుట్టూ చేరారు, ఎవరో నాయకుడు వచ్చాడనుకుని ఒకడు చప్పట్లు కూడా కొట్టాడు.

మాట్లాడిన కూలి పొద్దున్నే ఇచ్చేశాం. ఇది ఆపైన. పెద్దాయన కవరు పుచ్చుకుని, అక్కడే చించి, నోట్లు వేలు తడుపుకుని లెక్కపెట్టి, అందులోంచి ఒక ఐదువందల నోటు వేరుచేసి దీపం వెలుగుకు పట్టి చూశాడు.

"సారూ, దీనికి మధ్యల చినిగింది. సంతల తీస్కోరు. మార్చియ్యున్రి."

బావ పర్సు తిరగేశాడు. డాలర్లున్నాయి. ఫోన్ తీసి స్కాన్ చేస్తానన్నాడు, సిగ్నల్ లేదు. పెద్దాయన బస్సు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి చేయి చాపే ఉంచాడు. చివరికి నా జేబులోంచి మంచి నోటు తీసి ఇచ్చాను. ఆ చినిగింది ఇంకా నా దగ్గరే ఉంది. ఖమ్మంలో ఇద్దరు కొట్లవాళ్లకు అంటగట్టాలని చూశాను, తీసుకోలేదు. బావ డల్లాస్ చేరాక ఫోన్ చేసి, వచ్చే ఏడు కిలిమంజారో అని, 5895 అని చెప్పాడు గానీ ఐదువందల మాట ఎత్తలేదు.