‘గౌరవనీయ తల్లిదండ్రులారా!’ – టీకా తాత్పర్యం

అవతారిక

జూలై, ఆగస్టు నెలల్లో షాద్‌నగర్ చుట్టుపక్కల తల్లిదండ్రుల ఫోన్లలోకి ఒక లఘుగ్రంథం వచ్చి పడుతుంది. కర్త పేరుండదు. చివర ‘ఇట్లు, యాజమాన్యం’ అన్న ముద్ర మాత్రం ఉంటుంది. శంషాబాద్ విమానాశ్రయం వెనకబడ్డాక కొత్తూరు, నందిగామల మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఒకప్పుడు చేలుండేవి. ఇప్పుడు వెంచర్లున్నాయి, గోదాములున్నాయి, మధ్యమధ్య పెద్ద పెద్ద ప్రహరీల వెనక విద్యాసంస్థలున్నాయి. వాటిలో ఒకదాని రచన ఇది. ఏదని అడగవద్దు. ఇంచుమించు ఇదే పాఠం రాష్ట్రమంతా ప్రతులు ప్రతులుగా తిరుగుతోంది కనుక ఒక్కరికి అంటగట్టడం పరిష్కర్త ధర్మం కాదు.

మల్లినాథసూరి మన మెదక్ దగ్గరి కొలిచెలమవాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టుపెట్టుకుని మరీ వ్యాఖ్యానాలు రాశాడు. కాళిదాసుకు రాస్తున్నాడు కాబట్టి ఆ ఒట్టు చెల్లింది. యాజమాన్యానికి రాసేవాడి గతి వేరు. ఇక్కడ మూలంలో ఉన్నదే అక్కర్లేనిది. అక్కరకొచ్చేదేదీ మూలంలో లేదు. అందుచేత మహానుభావుడికి దణ్ణం పెట్టి, ఆ ఒట్టును గట్టున పెడుతున్నాం.

మూలం

“గౌరవనీయ తల్లిదండ్రులారా! మీ పిల్లల విద్యా మహాప్రస్థానపు తొలి అడుగులో మీ భావోద్వేగ సహకారం అత్యంత కీలకం. ప్రవేశ దినమున ఒరిజినల్ సర్టిఫికెట్లను కార్యాలయమునందు సమర్పించవలెను. సామాను దించిన పిదప తల్లిదండ్రులు ప్రధాన ద్వారము వెలుపలనే ఉండవలెను. పిల్లలను స్వతంత్రంగా ఎదగనివ్వండి. హాజరు తగ్గినచో తల్లిదండ్రులు స్వయముగా విచ్చేసి సంతకము చేయవలెను.”

ప్రథమ వాక్యం

‘మహాప్రస్థానం’ దగ్గర పాండవులను హిమాలయాలు ఎక్కించి నవ్వించడం ఎంతో తేలిక. తేలిక పనులు విద్యార్థులకు వదిలేస్తున్నాం. బరువంతా ‘భావోద్వేగ సహకారం’ మీద ఉంది.

భరతుడు సంచారిభావాలు ముప్పై మూడని లెక్క తేల్చాడు. ఆ లెక్క సరిచూసుకోవాలంటే ప్రవేశం రోజున హాస్టల్ మెట్ల దగ్గర నిలబడితే చాలు. మొదటి సంవత్సరం రుసుము కోసం రెండు గుంటలు అమ్మిన తండ్రి ముఖంలో చింత, వితర్కం. మూడో అంతస్తు దాకా పెట్టె మోసినవాడికి శ్రమ. ఇంగ్లీషులో మాట్లాడుకునే తోటి తల్లిదండ్రుల మధ్య వ్రీడ. పరుపుకు వేరే డబ్బు కట్టాలని ఆ క్షణంలో చెప్పినప్పుడు అమర్షం. వీటన్నిటిలో సూక్ష్మమైనది అవహిత్థ. లోపలి భావం పైకి తెలియనివ్వకుండా ఏదో పని కల్పించుకోవడం దాని లక్షణం. కూతురి గదిలో కిటికీ గడియ వేసి తీసి, మళ్లీ వేసి, ‘గట్టిగనే ఉన్నది’ అని ఎవరూ అడగని నివేదిక ఇచ్చే తండ్రిని చూడండి. అవహిత్థకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ అలంకారగ్రంథంలోనూ లేదు.

శంక: ఇన్ని భావాలు అడక్కుండానే పొంగుతుంటే, సహకారం కావాలని యాజమాన్యం ప్రత్యేకంగా కోరడమెందుకు?

సమాధానం: తన వంతు చెప్పకుండా తప్పించుకోవడానికి. ఐదు వాక్యాల్లో క్రియ ఉన్న నాలుగింటికీ కర్త తల్లిదండ్రులే. సమర్పించేది వారు, వెలుపల ఉండేది వారు, ఎదగనిచ్చేది వారు, విచ్చేసేది వారు. యాజమాన్యం చేసే పని ఒక్కటీ లేదు. రుసుము పుచ్చుకోవడం ఒకటుంది గాని, వినయంచేత చెప్పుకోలేదు.

ద్వితీయ వాక్యం

ఒరిజినల్ ఇచ్చేస్తే ఏమవుతుందో తెలుగు వ్యాకరణం ఒకసారి అనుభవించింది. ఆ కథ చెప్పినవాడు మాకు పొరుగూరివాడు. షాద్‌నగర్ పక్కన కేశంపేట మండలంలో కాకునూరు ఉంది. 1656లో అప్పకవీయానికి పూనుకున్న కాకునూరి అప్పకవి ఇంటిపేరు ఈ ఊరిదేనని ఈ ప్రాంతంవారి వాదన. పల్నాటివారికి కామేపల్లి వాదం ఉంది, ఉండనివ్వండి. ఈ వ్యాఖ్యాత షాద్‌నగర్ పక్షం. మూడు వందల ఏళ్ల పాటు తెలుగు పద్యకవులు యతి పెట్టేముందు ఎవరిని తలచుకుని వణికారో ఆ అప్పకవే ఈయన. అసలు ఆయన పుస్తకమూ ఒక టీకే. నన్నయ రచన అని చెప్పే ఆంధ్రశబ్దచింతామణి అనే సంస్కృతంలో ఉన్న తెలుగు వ్యాకరణాన్ని తెలుగులో వివరిద్దామని మొదలుపెట్టాడు. వివరణ ఛందస్సులోకి దారితీసింది, ఛందస్సు యతిలోకి, యతి దాని భేదోపభేదాల్లోకి. మూలం ఎక్కడో వెనకబడిపోయింది. ఎనిమిది ఆశ్వాసాలు తలపెట్టినవాడిది మనకు దక్కింది ఐదే. మూలాన్ని మరిచిపోవడం వ్యాఖ్యాత జన్మహక్కు అనడానికి ఇంకే ప్రమాణం కావాలి?

ఆయన చెప్పిన కథ ఇది. నన్నయ వ్యాకరణం రాశాడు. తన రాఘవపాండవీయాన్ని నన్నయ అణగదొక్కాడన్న కోపంతో భీమన అనే కవి ఆ వ్యాకరణాన్ని తీసుకెళ్లి గోదావరిలో కలిపాడు. ఉన్నది ఒక్కటే ప్రతి. అంతటితో తెలుగు వ్యాకరణం నీటిపాలయ్యేదే. అయితే రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడు చిన్నప్పుడే ఆ సూత్రాలన్నీ కంఠస్థం చేశాడు. పెద్దయి, సిద్ధుడై, మతంగగిరి దగ్గర బాలసరస్వతి అనే పండితుడికి ఆ గ్రంథం అందించాడు. బాలసరస్వతి దానికి టీక రాశాడు. ఒక బ్రాహ్మణుడు ఆ గ్రంథం తెచ్చి ఇస్తాడని విష్ణువు అప్పకవికి కలలో ముందే చెప్పాడు. తెచ్చి ఇచ్చాడు కూడా. చరిత్రకారులు ఈ కథను నమ్మరు. ఆ గ్రంథం నన్నయదే కాదని కొట్టిపారేసినవాళ్లున్నారు. నమ్మకపోతే పోనివ్వండి. ఒరిజినల్ గోదావరి పాలైనా జెరాక్సు ఒక పిల్లవాడి నోట మిగిలింది. అంతవరకు చాలు మనకు.

ఆ పిల్లవాడి తండ్రి సంగతి చూడండి. సవతి తల్లి చిత్రాంగి మాట నమ్మి కొడుక్కి కాళ్లూ చేతులూ నరికించినవాడు రాజరాజు. భావోద్వేగ సహకారంలో ఇంతకంటే అధమస్థానం సంపాదించిన తండ్రి మన కథల్లో దొరకడు. ‘తల్లిదండ్రుల సహకారమే కీలకం’ అన్న యాజమాన్య సిద్ధాంతం ప్రకారం సారంగధరుడు మొదటి సెమిస్టరులోనే తప్పిపోవాలి. తప్పలేదు. అడవిలో ఒక సిద్ధుడు చేరదీశాడు. అవయవాలు తిరిగి వచ్చాయి, విద్య నిలబడింది. దీన్నిబట్టి తేలే సిద్ధాంతం: ఇల్లు విడిచిన పిల్లవాడు నిలదొక్కుకోవడం ప్రధానంగా చేరదీసిన చోటును బట్టి ఉంటుంది. ఆ సిద్ధుడు సర్క్యులర్ పంపలేదు.

ప్రకృతానికి వద్దాం. సర్టిఫికెట్లు చూడాలి, సరిపోల్చుకోవాలి, తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదు అని విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018 అక్టోబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. విద్యార్థి సీటు వదులుకుంటే ఎంత వాపసు ఇవ్వాలో అందులోనే ఉంది. ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజులు, అంతకు ముందు అయితే నూటికి 100, ఆ పదిహేను రోజుల లోపు అయితే 90, గడువు దాటిన పదిహేను రోజుల దాకా 80, నెల దాకా 50, ఆపైన సున్నా. ఇంత చక్కని గణవిభజన అప్పకవి సైతం చేయలేదు. ఈ పద్యం మాత్రం ఏ తండ్రి ఫోనుకూ రాదు. రెండో విడత కౌన్సెలింగులో సర్కారు కాలేజీలో సీటు వచ్చిన పిల్లవాడు కార్యాలయం కిటికీ దగ్గర నిలబడితే, ‘మొత్తం కోర్సు ఫీజు కట్టి కాయితాలు తీసుకుపో’ అని జవాబు. దీన్ని హాస్యం చేయడం ఈ వ్యాఖ్యాతకు చేతకాదు. అది పదిహేడేళ్ల పిల్లవాడిని తాకట్టు పెట్టుకోవడం.

తృతీయ వాక్యం

ఈ ప్రాంతంలోని బూర్గుల ఊరు ఇంటిపేరైన రామకృష్ణారావు 1899లో పుట్టారు. చదువు కోసం పుణె ఫెర్గూసన్ కాలేజీ దాకా, న్యాయశాస్త్రం కోసం బొంబాయి దాకా వెళ్లారు. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ కాలంలో చదువు దూరాన ఉండేది, పిల్లవాడు నడిచి, బండెక్కి, రైలెక్కి దాన్ని చేరేవాడు. ఇప్పుడు చదువే వచ్చి హైవే పక్కన కూర్చుంది. దూరం తగ్గింది, మధ్యలో గేటు లేచింది.

గేటు దగ్గర వినపడే భాషకు ప్రతిపదార్థం అక్కర్లేదు. “బిడ్డా, తాళంచెయ్యి ఎక్కడ్నన్న పడేసేవు, మెడలేసుకో. తొక్కు డబ్బ మూత గట్టిగ పెట్టు. సకినాలు నువ్వొక్కదానివే తినకు, గదిల పిల్లలకు గూడ పెట్టు.” “అమ్మా, టైమయ్యింది, ఇగ బయటికి నడువుండ్రి.” మొదటిది తల్లి వాక్కు, రెండోది సెక్యూరిటీ వాక్కు. సెక్యూరిటీ అతని మీద మాకు కోపం లేదు; అతని కూతురూ ఎక్కడో ఒక గేటు లోపల ఉండవచ్చు.

ఆ తల్లి మాటలో ఎంత విద్యాపద్ధతి ఉందో గమనించండి. గదిలో పిల్లలకు పెట్టు అన్నది పరిచయం చేసుకునే ఉపాయం. యూజీసీ 2019లో కొత్త విద్యార్థులను కుదురుపరచడానికి ‘దీక్షారంభ్’ అనే మార్గదర్శి అచ్చు వేసింది. ఇంజనీరింగు కాలేజీలకైతే మూడు వారాల పరిచయ కార్యక్రమం జరపాలని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి నియమం పెట్టింది. తోటివారితో కలవడం, చోటు అలవాటు చేసుకోవడం, పాఠాలకు ముందు బెదురు తీరడం వీటి ఉద్దేశం. ఆ బాధ్యత సంస్థదని ప్రభుత్వ గ్రంథాలే చెబుతున్నాయి. ఆచరణలో ఆ మూడు వారాలు చాలాచోట్ల ఒక పూటకు కుదించుకుపోయి, ఆడిటోరియంలో అద్దెకు తెచ్చిన వక్త దగ్గర ఆగుతున్నాయి. ఆయన గద్ద తన పిల్లలను గూటి నుంచి ఎలా తోసేస్తుందో చెబుతాడు. తల్లులు కళ్లు తుడుచుకుంటారు. సాయంత్రం మెస్ ఎన్నింటికో, నీళ్లు ఎన్నింటిదాకా వస్తాయో, జ్వరమొస్తే ఎవరి దగ్గరికి పోవాలో గద్ద చెప్పలేదు, వక్త చెప్పలేదు. మూడు వారాల పని సకినాల డబ్బా మీద పడింది.

చతుర్థ, పంచమ వాక్యాలు

రెండూ కలిపి చదవాలి. స్వతంత్రంగా ఎదగనివ్వమన్నది ఒక వాక్యం, హాజరు తగ్గితే తండ్రి వచ్చి సంతకం పెట్టాలన్నది మరొకటి. విరోధాభాసలో విరోధం పైకి మాత్రమే కనిపించి లోపల సమన్వయం కుదరాలి. ఇక్కడ కుదిరిన సమన్వయం ఇది: పిల్ల బాగుంటే సంస్థ ఘనత, కుదురుకోకపోతే తండ్రి తప్పు. కేశంపేట నుంచి కూలి మానుకుని బస్సెక్కి వచ్చిన మనిషి ‘ఇక మీదట సక్రమంగా హాజరగును’ అన్న కాగితం మీద పేరు రాసి పోతాడు. పిల్ల క్లాసుకు ఎందుకు పోవడం లేదో ఆ కాగితంలో అడిగే గడి లేదు. ఇంగ్లీషు పాఠం అంతుపట్టక పోవడం లేదేమో. ఎవరో సీనియర్ బెదిరిస్తున్నాడేమో.

ఆ సంగతికీ శాస్త్రం ఉంది. 2009 ర్యాగింగ్ నిరోధక నిబంధనల ప్రకారం విద్యార్థి, తల్లిదండ్రులు ఏటేటా హామీపత్రాలు ఇవ్వాలి. ఆ సంతకాలు తు.చ. తప్పకుండా తీసుకుంటారు. అవే నిబంధనల్లో వార్డెన్ అన్ని వేళలా అందుబాటులో ఉండాలని, ఫోనుకు దొరకాలని కూడా ఉంది. ఆ పుట మాత్రం సంస్థల తాళపత్ర ప్రతుల్లో చెదలు తినేసినట్టుంది.

పాఠాంతరం

మూలం భ్రష్టమైందని తోచినప్పుడు సవరించిన పాఠం సూచించే అధికారం పరిష్కర్తకు ఉంది. మేం సూచించేది ఇది.

“అమ్మా, అయ్యా! మీ పిల్ల గది రెండో అంతస్తులో ఉంది, పైకి వెళ్లి చూసి రండి. వార్డెన్ పేరు, నంబరు కింద రాశాం. అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు. ఎవరైనా ఏడిపిస్తే 1800-180-5522కు చేయమని పిల్లకు చెప్పండి. సర్టిఫికెట్లు చూసి ఇప్పుడే మీ చేతికి ఇచ్చేస్తాం. సీటు వద్దనుకుంటే ఎంత వాపసు వస్తుందో పట్టిక వెనక ఉంది. మొదటి నెలలో పిల్ల నాలుగు రోజులు క్లాసుకు రాకపోతే ముందు మేమే గదికి వెళ్లి అడుగుతాం, తర్వాత మీకు ఫోన్ చేస్తాం. షాద్‌నగర్‌కు ఆఖరు బస్సు ఎన్నింటికో గేటు మీద రాసి ఉంది. ఇంకా పొద్దుంది, భోంచేసి పోండి.”

ఈ పాఠంలో కర్త మారాడు. సంచారిభావాలు లేవు, విరోధాభాస లేదు, శంకకు తావు లేదు. యాజమాన్యాలన్నీ ఇలా రాయడం మొదలుపెడితే వ్యాఖ్యాతలకు పని పోతుంది. పోనివ్వండి, మా బతుకు మేం అప్పకవి యతులు లెక్కపెట్టుకుంటూ వెళ్లదీస్తాం.