పోపు మీద మూత

భారత వ్యవసాయ పరిశోధన మండలి పెద్దల సముఖానికి,

అయ్యా, ఏటా వేసవిలో ఒక జాడీడు ఆవకాయ పెట్టుకునే గృహస్థుణ్ణి. ఆవాలతో నాకున్న సంబంధం అంతే. అయినా 2022 నవంబరులో మీరిచ్చిన ఉత్తర్వు మీద ముచ్చట ఇంకా తీరలేదు. జన్యుమార్పిడి ఆవాల గురించి సర్వీసులో ఉన్నవాళ్ళే కాదు, రిటైరైనవాళ్ళు కూడా మీడియాలో అభిప్రాయం చెప్పరాదు, వ్యాసం రాయరాదు అన్నారు.

సర్వీసులో ఉన్నవాళ్ళ సంగతి సరే, జీతం రాళ్ళ మాట. మరి రిటైరైనవాళ్ళో? శాలువా కప్పి, దండ వేసి సాగనంపిన పెద్దాయన మనవణ్ణి బళ్ళో దింపి వచ్చి, అరుగు మీద కూర్చుని, 'ఈ డీఎంహెచ్-11 అనే జన్యుమార్పిడి ఆవాల రకం కలుపుమందును తట్టుకుంటుంది, మరి ఆ మందు పొలంలో ఎంత కొడతారో' అని రాయబోతే చెయ్యి పట్టుకుంటారన్నమాట! ఇక మిగిలింది స్వర్గస్థులే. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థను స్థాపించిన పుష్ప భార్గవ గారు సుప్రీంకోర్టు పంపగా, జన్యుమార్పిడి పంటల్ని పరిశీలించే కమిటీ జీఈఏసీలో కూర్చుని, పరీక్షలు చాలవని వాదించిన మొండిమనిషి. 2017లో పోయారు గానీ, రాసినవి ఇంకా దొరుకుతున్నాయి. ఓ కన్నేసి ఉంచండి.

నోళ్ళు మూయించే ఈ విద్యలో మీకు గురువులున్నారు. 1998 ఆగస్టులో స్కాట్లాండులోని అబర్డీన్‌లో, రోవెట్ సంస్థ శాస్త్రవేత్త అర్పాడ్ పుస్తాయ్, జన్యుమార్పిడి ఆలుగడ్డలు తిన్న ఎలుకల మీద తన అనుమానాన్ని టీవీలో చెప్పాడు. రోజుల్లోనే సస్పెండ్ చేశారు, కాగితాలు లాక్కున్నారు, నోరెత్తొద్దన్నారు. ప్రయోగంలో లోపాలున్నాయని మరుసటి ఏడు రాయల్ సొసైటీ అంది. ఉండే ఉంటాయి. అలాంటప్పుడు మరోసారి ఎలుకల్ని అడగాలి గానీ, ముసలాయన నోరు కుట్టడమేమిటి? మన దగ్గరా బయోటెక్నాలజీ నియంత్రణ మీద 2009లో తయారైన ముసాయిదా బిల్లులో, ఆధారం లేకుండా జన్యుమార్పిడి పంటల భద్రత మీద జనాన్ని తప్పుదోవ పట్టిస్తే జైలేనని రాశారు. దానితో పోలిస్తే మీరు దయామయులు.

ఒక్కటే ఇబ్బంది. ఈ ఆవాలు మంచివేనని నమ్మే శాస్త్రవేత్తలూ మీ దగ్గరే ఉన్నారు. మీ మూత వాళ్ళ మీదా పడింది. రేపు ఇవి కొట్లోకొస్తే ఆవపిండి కొట్టించొచ్చా అని మా ఆవిడ అడుగుతోంది. అవునో కాదో ధైర్యంగా చెప్పే మనిషినొకర్ని, రిటైరైనవారైనా సరే, పంపించండి. మామిడికాయలు దిగేలోగా.

ఇట్లు,
ఒక ఆవకాయ జాడీ యజమాని